చివర తెరిచింది ముందు

ఇల్లు, వెనకగది
మార్చి 4

తమ్ముడూ,

ఉదయం ప్రార్థన ముగించి రాస్తున్నాను.

నిన్న మీ చిన్నక్క కళ్ళ కట్లు పూర్తిగా విప్పారు. వెలుతురు కూడా తెలియడం లేదు. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పబోతే, "ఇక్కడే చెప్పండి, పోయినవి నా కళ్ళు, మా అక్కవి కావు" అంది. చెప్పాడు. తల ఊపింది. ఇంటికి వచ్చాక కుర్చీ కిటికీ దగ్గర వేయమంది. వేశాను.

రోజూ ఒక్కసారైనా అడుగుతుంది. "అక్కా, నేను పచ్చదీపం చూశానా, చూడలేదా?" అద్దకం మిల్లులో రంగు తొట్టి మీద ఎర్రదీపం వెలుగుతుండగానే మూత తీసి ఆవిరి ముఖాన కొట్టించుకుందని విచారణలో రాశారు కదా. "చూసినట్టే గుర్తు. అంతమంది కాదంటుంటే చూడలేదేమోలే" అని తనే జవాబు చెప్పుకుంటుంది. తన కళ్ళతో ఆఖరిసారి చూసిన వస్తువు ఆ దీపం. ఇప్పుడు దాని మీదా నమ్మకం పోయింది.

ఆ తొట్టిని నడిపే ప్రోగ్రాం రాసింది నువ్వు. నీ పని ఏమిటో ఇన్నేళ్ళలో నేను ఒక్కనాడూ అడగలేదు. తెలుసుకోవాలని ఉంది. ఫోన్‌లో వద్దు, విన్నది విన్నట్టే జారిపోతుంది. కాగితం మీద నీ చేత్తో రాయి, నెమ్మదిగా చదువుకుంటాను.

నీ కాగితం ఒకటి చూశాను. గీత గీతకీ కోణపు గుర్తుల మధ్య ఒక మాట ఉంది. కాన్‌స్ట్. అంటే ఏమిటి?

పెద్దక్క


ప్రధాన కార్యాలయం, మూడో అంతస్తు
మార్చి 11

పెద్దక్కా,

కవరు మీద నీ దస్తూరీ చూసి ఏమైందోనని గబగబా చింపాను. చదివాక నవ్వాగలేదు. టీవీ రిమోటు ముట్టుకుంటే చెయ్యి కడుక్కునే మా పెద్దక్క, కాన్‌స్ట్ అంటే ఏమిటని అడుగుతోంది! పక్క బల్ల వాళ్ళందరికీ చదివి వినిపించాను. పక్క బల్ల అంటే గుర్తొచ్చింది, నాకిప్పుడు అద్దాల గది ఇచ్చారు. ఐదు ఊళ్ళ తొట్లు నా చేతికింద.

సరే, పాఠం. ప్రోగ్రాంలో ప్రతి వస్తువుకీ ఒక పేరు పెడతాం. మామూలు పేరు గిన్నె లాంటిది. పొద్దున పాలు పోయొచ్చు, సాయంత్రం నీళ్ళు పోయొచ్చు. పేరు పక్కన కాన్‌స్ట్ అని రాశామనుకో, అది మొదట దేన్ని పట్టుకుందో దాన్నే చివరిదాకా పట్టుకుంటుంది. మార్చబోయావా, ప్రోగ్రాం మొదలవకముందే "ఇది మారనిది" అని మొండికేస్తుంది. ఒక్క అడుగు వేయదు.

ఒక మెలిక ఉంది. మారనిది పేరు మాత్రమే. చక్కెర డబ్బా మీద చీటీ అంటించావు, ఆ చీటీని ఎవడూ పీకలేడు, ఇంకో డబ్బాకి అంటించలేడు. డబ్బా లోపల నువ్వేం పోస్తున్నావో చీటీకి పట్టదు. తొట్టి సైజు, రంగు నంబరు, వేడి ఎంత ఉండాలి, ఇలాంటివన్నీ నేను కాన్‌స్టే రాస్తాను. చేతికి అలవాటైపోయింది.

'తమ్ముడు' కూడా కాన్‌స్టే అక్కా. నచ్చకపోయినా మార్చుకోలేవు!

చిన్నక్కని దీపం సంగతి వదిలేయమను. అంత దెబ్బ తగిలిన మనిషికి ముందువీ వెనకవీ కలగాపులగం అయిపోతాయి. విచారణ అయిపోయింది. మళ్ళీ కెలికితే నొప్పి దానికే.

నీ చిన్నోడు


ఇల్లు, వెనకగది
మార్చి 19

తమ్ముడూ,

డబ్బా సంగతి అర్థమైంది. చక్కెర డబ్బాలో ఉప్పు పోసినా చీటీ ఊరుకుంటుందన్నమాట.

ఇక్కడ కొత్తగా ఏమీ లేదు. నడిచేటప్పుడు మీ చిన్నక్కకి తలుపు తగులుతుంది. "నాదే పొరపాటు" అంటుంది. నీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి పడితే "నాదే పొరపాటు" అంటుంది. తలుపుతో అంటుంది, గ్లాసుతో అంటుంది. దాని గోళ్ళలో నీలిరంగు ఇంకా పోలేదు. ఉందని నేను చెప్పలేదు.

విచారణవాళ్ళు ఇచ్చిన కాగితంలో ఆవిరి వాల్వు గీత దగ్గర ఇంకో మాట ఉంది. క్లోజ్. అదీ చెప్పు. ఇలాగే, చేత్తో.

పెద్దక్క


ప్రధాన కార్యాలయం, మూడో అంతస్తు
మార్చి 28

పెద్దక్కా,

క్లోజ్ గురించి అడిగావా! నాకు ప్రాణం లాంటి మాట అది.

లోకంలో కొన్ని తెరిస్తే మూయాలి. ఆవిరి వాల్వు అలాంటిది. మామూలుగా అయితే ప్రోగ్రాం పైన "తెరువు" అని రాస్తాం, కింద ఆఖరి గీతలో "మూయి" అని రాస్తాం. మధ్యలో ఏదో ఒకటి చెడిందనుకో. వేడి చూసే ముల్లు జవాబివ్వలేదనుకో. ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది. ఆఖరి గీత దాకా వెళ్ళదు. "మూయి" అన్న మాట అక్కడే ఉంటుంది, చదివే దిక్కుండదు.

అదే వాల్వు పేరు పక్కన క్లోజ్ అని రాశావనుకో, ఇక నీకు దిగులే లేదు. ప్రోగ్రాం ఆ గడప దాటిన క్షణాన వాల్వు తనంతట తనే మూతపడుతుంది. నడిచి దాటినా సరే, బోర్లాపడి దాటినా సరే. ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

నాలుగైదు తెరిచి ఉన్నాయనుకో, వాటికీ ఒక వరస ఉంది. చివర తెరిచింది ముందు మూతపడుతుంది, మొదట తెరిచింది ఆఖర్న. నువ్వు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ముందు బీరువా, తర్వాత గది, ఆఖర్న వీధి తలుపు వేస్తావు చూడు, అలాగ. మన ముగ్గురినీ వరసలో పెడితే ముందు నేను, తర్వాత చిన్నక్క, ఆఖర్న నువ్వు!

ఇంకోటి. క్లోజ్ అని రాసిన పేరు కూడా మార్చడానికి వీల్లేదు. అంటే క్లోజ్ లోపల కాన్‌స్ట్ ఉంది. కాన్‌స్ట్ లోపల క్లోజ్ లేదు. కొత్తవాళ్ళు ఇక్కడే బోల్తా కొడతారు.

ఇప్పుడు నీకే తెలుస్తుంది చూడు. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ దీపం ఎరుపు. ఎలా ఆగినా పచ్చ. ఆగితే వాల్వు మూతపడి తీరుతుంది. మరి మూత తీయగానే ఆవిరి ముఖాన కొట్టిందంటే ప్రోగ్రాం ఇంకా నడుస్తోందనేగా? నడుస్తుంటే దీపం ఎరుపేగా? విచారణవాళ్ళు చెప్పింది ఇంతే. చిన్నక్క మీద ఎవరికీ కోపం లేదు, పాపం. కంగారు పడింది.

నీ చిన్నోడు


ఇల్లు, వెనకగది
ఏప్రిల్ 9

తమ్ముడూ,

మూడుసార్లు చదివాను. బాగా చెప్పావు. చిన్నప్పుడూ నీకు చెప్పడం బాగా వచ్చు.

ఒక్కటే అడుగుతాను. వాల్వు గీతలో క్లోజ్ అని ఉండవలసిన చోట కాన్‌స్ట్ అని ఉంటే ఏమవుతుంది? వేడి చూసే ముల్లు జవాబివ్వని రోజున దీపం ఏ రంగు?

పెద్దక్క


ప్రధాన కార్యాలయం
మే 2

అక్కకు,

పని ఒత్తిడి వల్ల ఆలస్యమైంది.

నువ్వు అడిగినట్టు ఎవరూ రాయరు. ఊరికే మాటకి అనుకుంటే, అలా రాసినా ప్రోగ్రాం రోజూ మామూలుగానే నడుస్తుంది. ఆఖరి గీత వాల్వును మూస్తుంది. తేడా కనిపించదు. ముల్లు జవాబివ్వని రోజు సంగతి వేరు. అది ఉత్తరాల్లో తేలేది కాదు. ఈ నెలాఖరు ఆదివారం వస్తాను, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఇంతకీ ఈ ప్రశ్న నీదేనా, ఎవరైనా అడగమన్నారా? విచారణ కాగితాలు ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదు. ఈలోగా నాకు పంపించు.

తమ్ముడు


ఇల్లు, వెనకగది
మే 8

తమ్ముడూ,

ఈసారి ఉత్తరం మిషను మీద అచ్చులో వచ్చింది. రావద్దు. ఆ రోజు సంగతి నేనే చెబుతాను, తప్పుంటే దిద్దు.

ఫిబ్రవరిలో అద్దకం మిల్లు నుంచి మీ చిన్నక్క లాకరు సామాను ఒక సంచిలో వేసి పంపారు. ఒక దువ్వెన, చేతి తొడుగులు, టిఫిన్ డబ్బా. డబ్బా గుడ్డసంచి లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం. తొట్టి ప్రోగ్రాం. పైన నీ చేత్తో రాసి ఉంది. "చిన్నక్కా, ఇవాళ్టి నుంచి నీ తొట్టి నా మాట వింటుంది. దాచుకో." కింద తేదీ, నవంబరు పద్నాలుగు. దాచుకుంది.

విచారణ కాగితాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి గీత గీతా వేలు పెట్టి చూశాను. తేడా ఒక్కచోటే. పదమూడో గీత, ఆవిరి వాల్వు. దాని కాగితంలో కాన్‌స్ట్. వాళ్ళ కాగితంలో క్లోజ్.

ముల్లు జవాబివ్వలేదు. ప్రోగ్రాం కూలబడింది. ఆగింది కనుక దీపం పచ్చ. మూసే గీత దాకా వెళ్ళలేదు కనుక వాల్వు బార్లా తెరిచి ఉంది. మీ చిన్నక్క పచ్చదీపం చూసింది. చూసి మూత తీసింది. ఇంత వివరంగా నేర్పింది నువ్వే.

కళ్ళు నువ్వు ఇవ్వలేవు. ఆ దీపం ఇవ్వగలవు. నాలుగు మాటలు చాలు. నీ చేత్తో రాసి సంతకం పెట్టు. నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

పెద్దక్క


నా గది
మే 20

పెద్దక్కా,

చేత్తోనే రాస్తున్నాను, చదువుకో.

అవును. పైన పన్నెండు గీతలకీ కాన్‌స్ట్ కొట్టుకుంటూ వచ్చిన చెయ్యి పదమూడో గీతకీ అదే కొట్టింది. అంతే. ఎవరి మీదా పగ లేదు, తాగి లేను, నిద్రమత్తులో లేను. నెలరోజులు చక్కగా నడిచింది. ఆ రోజు నేను మిల్లులోనే, కింద బట్టల గుట్టల దగ్గర ఉన్నాను. అరుపు విన్నాను. తొట్టి దగ్గరికి పది అడుగులు. ఆవిరి చూడగానే పదమూడో గీత నా కళ్ళముందు కనిపించింది. తొట్టి దగ్గరికి వెళ్ళలేదు. మెట్లెక్కి ఆఫీసులోకి వెళ్ళాను. ఆ ఒక్క మాట మార్చాను. పాతది చెరిపేశాను. అచ్చు తీసి ఫైల్లో పెట్టాను. ఇవన్నీ అయ్యేదాకా కింద అది అరుస్తూనే ఉంది. చాలా? ఇంకా కావాలా? దీపం పచ్చగానే ఉంది. కిటికీలోంచి నాకు కనిపించింది.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు మాత్రం కడిగిన ముత్యానివా? ఆస్పత్రిలో దాని చేతి కట్టు పక్కకి జరిపి, బొటనవేలు పట్టుకుని, "దీపం చూడకుండా మూత తీశాను" అన్న కాగితం మీద ముద్ర వేయించింది ఎవరు? ముద్ర వేయిస్తే గొడవ సద్దుమణుగుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది అని నేను అన్నాను, నిజమే. వేలు పట్టుకుంది నువ్వు. అది మందుల మత్తులో "ఏం కాగితం అక్కా?" అంటే "మందుల కాగితం" అన్నావు. అద్దాలు పెట్టుకుని పై నుంచి కిందికి చదివి మరీ అన్నావు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నీ పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనేమో!

మనిద్దరం ఒకే పడవలో ఉన్నాం. ఇది నీకొక్కదానికే రాసింది. చదివి చింపేయి. చిన్నక్కకి చెబితే అది బతకదు. నీకూ బతకాలనే ఉంటుందిగా దాని ముందు?

చిన్నోడు


ఇల్లు, వెనకగది
మే 27

తమ్ముడూ,

చింపలేదు.

మార్చి నుంచి నువ్వు రాసిన ప్రతి ఉత్తరం అందిన రోజే దానికి చదివి వినిపించాను. చక్కెర డబ్బా దగ్గర నవ్వింది. కంగారు పడింది పాపం అని నువ్వు రాసిన చోట, "ఇంకోసారి చదువు" అంది. చదివాను. లాకరు కాగితం సంగతి మాత్రం దాచాను. నువ్వు ఒప్పుకోకపోతే అది తట్టుకోలేదనుకున్నాను.

ఈ ఉత్తరమూ చదివాను. మెట్లెక్కావన్న దగ్గర చదవడం ఆపేశాను. "నీళ్ళు తాగి చదువు" అంది. ఉత్తరంలో ఆస్పత్రి సంగతి దగ్గరికి వచ్చేసరికి నేను ఎదుట గోడ చూశాను. అయిదు గీతలు దాటేసి చదివితే దానికి తెలిసే దారి లేదు. ఆ వేలు సంగతి నేను ప్రార్థనలో కూడా ఎన్నడూ ఎత్తలేదు. దేవుడు చూశాడు కదా, మళ్ళీ చెప్పడమెందుకు అనుకునేదాన్ని. దాటలేదు. పెదాలు కదిలాయన్నది కూడా చదివాను. అప్పుడు నేను చేసింది ప్రార్థనే.

అది "చూశాను" అంది. ఆ ఒక్క మాటే. తర్వాత బొటనవేలు రెండో చేత్తో పట్టుకుంది. నేను ఇంకా పట్టుకుని ఉన్నట్టు విడిపించుకుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి లాకరు కాగితమూ నీ ఉత్తరమూ విచారణ అధికారి చేతికి ఇచ్చాను. నీ ఉత్తరంలో నా సంగతి ఉన్న పేజీతో సహా ఇచ్చాను. ఆయన చదివి, నా వైపు చూసి, కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

అది నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. నిన్న గ్లాసు పడి పగిలింది. "నాదే పొరపాటు" అనలేదు. నేనే ఏరాను.

పెద్దక్క


నా గది
జూన్ 3

పెద్దక్కా,

అద్దాల గది ఖాళీ చేయించారు. ఎల్లుండి నన్ను పిలిచారు. లాయరు ఏమీ మాట్లాడొద్దంటున్నాడు. నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదు. చేత్తో రాయమన్నప్పుడే అనుమానించాల్సింది. నీ మంచితనం చూసి మోసపోయాను.

నిన్ను ఏమీ అడగను. చిన్నక్క చేత ఒక్క మాట రాయించు. నువ్వు రాసినా ఫరవాలేదు, మాట దానిదైతే చాలు. తిట్టినా సరే. దాని నోటి తిట్లు నాకు అలవాటే. చిన్నప్పుడు నేను ఏం పగలగొట్టినా అది తిట్టి, తర్వాత ఆ తప్పు తన మీద వేసుకునేది. నీకు గుర్తుందా?

చిన్నోడు


ఇల్లు, కిటికీ దగ్గర
జూన్ 12

ఇది మీ చిన్నక్క చెబుతుంటే నేను రాస్తున్నది. మాట మార్చొద్దంది. మార్చడం లేదు.

చిన్నోడా,

నీ ఉత్తరం అక్క చదివింది. అక్కతో మాట్లాడాలని లేదు, కానీ రాయడానికి నాకు వేరే చెయ్యి లేదు.

తిట్టమన్నావట. నువ్వు పగలగొట్టినవి నా మీద వేసుకున్నది నిజమే. పూలకుండీ, అద్దం, నాన్న గడియారం. అందుకే కాబోలు ఇది కూడా వేశావు. అడిగి ఉంటే ఏమనేదాన్నో! "సరేలే, నేనే అని చెప్పు" అని ఉండేదాన్నేమో. అడగలేదు నువ్వు.

ఒకటి నీకు తెలియదు. ఆ రోజు నేను అరిచింది ఊరికే కాదు. నీ పేరు పెట్టి పిలిచాను. నువ్వు కిందే ఉన్నావని నాకు తెలుసు. ఇనప మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు విన్నాను, టకటకా ఎక్కావు. నీళ్ళకో, డాక్టరుకి ఫోన్ చేయడానికో వెళ్తున్నావనుకున్నాను. ఇంకొంచెం ఓర్చుకుంటే వచ్చేస్తావని లెక్కపెట్టాను. వందదాకా లెక్కపెట్టినట్టు గుర్తు. ఇన్ని నెలలూ ఎప్పుడు ఏడుపొచ్చినా ఆ చప్పుడు గుర్తు చేసుకునేదాన్ని. మా వాడు నా కోసం పరిగెత్తాడు అనుకునేదాన్ని.

దీపం పచ్చగా ఉంది. ఇప్పుడూ అలాగే వెలుగుతోంది. అదొక్కటే కనిపిస్తుంది నాకు. అక్క కలం గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

చూపులేనివాళ్ళకి పని నేర్పే చోట నాకు మంచం దొరికింది. అక్క ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న పూట వాళ్ళ టీచరమ్మ వచ్చి మాట్లాడి వెళ్ళింది. సోమవారం బండి వస్తుంది. అది ఏ ఊరో నీకు చెప్పను. అక్కకీ చెప్పను. ఉత్తరాలు రాయకు. చదివి వినిపించడానికి నా పక్కన ఎవరూ ఉండరు.

నీ పాఠం నాకు బాగా నచ్చింది చిన్నోడా. చివర తెరిచింది ముందు మూయాలి అన్నావు కదా. చివర పుట్టింది నువ్వు. ముందు నీ తలుపు మూస్తున్నాను.

తర్వాతది నాది. అది మీరిద్దరూ కలిసి ఎప్పుడో మూసేశారు.

ఎందుకాగావు అక్కా? రాయి.

ఆఖర్న నీది.

చెప్పినట్టే రాశాను.